స్టేషన్ నుంచి పంపించేశారు కదా, మళ్ళీ ఈ వారంట్ ఏంటి? (విశాఖ)

గాజువాక అన్నయ్య
సోమవారం, రాత్రి 9:40

విషయం మా తమ్ముడిది. 2022లో మేం గోపాలపట్నం వైపు అద్దెకు ఉండేవాళ్ళం. దసరా వెళ్ళిన వారం, అపార్ట్‌మెంట్ కింద బండి పెట్టే చోటు దగ్గర పక్క పోర్షన్ ఆయనతో మాటామాటా పెరిగి తోసుకున్నారు. ఆయన పడ్డాడు, మోచెయ్యి గీరుకుపోయింది. అంతే. స్టేషన్‌కి వెళ్ళి కంప్లైంట్ ఇచ్చారు. 341 (దారికి అడ్డుపడటం), 323 (కొట్టి గాయపరచడం) సెక్షన్లు పెట్టారు. మా వాడిని పిలిచి, మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోబెట్టి, ఏదో నోటీసు మీద సంతకం తీసుకుని "వెళ్ళు, అవసరమైతే పిలుస్తాం" అన్నారు. ఎవరూ పిలవలేదు. మేం కూడా మర్చిపోయాం. మరుసటి ఏడాది ఇల్లు మారి కూర్మన్నపాలెం వచ్చేశాం. తమ్ముడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది.

ఈ రోజు పొద్దున్న ఆరున్నరకి సివిల్ డ్రెస్‌లో ఒకాయన వచ్చాడు. పాత ఇంటి ఓనర్ దగ్గర అడ్రస్ తీసుకున్నాడట. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చూపించాడు. కోర్టు సీలు, తమ్ముడి పేరు, నాన్న పేరు, సీసీ నంబర్ (కోర్టులో కేసు నంబర్) ఉన్నాయి. ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్ బెయిలబుల్ వారంట్ అన్నాడు. అమ్మ అప్పుడే స్టవ్ మీద పాలు పెట్టింది, పొంగిపోయినా చూసుకోలేదు. ఆయన మాత్రం మర్యాదగానే మాట్లాడాడు. "కుర్రాడు ఊళ్ళో లేడని రాసుకుంటాను, ఈ వారంలో కోర్టులో హాజరు పెట్టించండి" అని చెప్పి వెళ్ళాడు.

వదిలేసినవాడికి అరెస్ట్ వారంట్ ఎలా వస్తుంది? ఇప్పుడు ఏం చెయ్యాలి? అమ్మ పొద్దుటి నుంచి అన్నం తినలేదు.


కంచరపాలెం కుర్రాడు
సోమవారం, రాత్రి 9:52

అన్నా టెన్షన్ పడకు. వారంట్‌కి ఆరు నెలలే టైమ్, ఆ తర్వాత దానంతట అదే పోతుందని మా ఫ్రెండ్ చెప్పాడు. తమ్ముడిని అక్కడే ఉండమను.


బీచ్‌రోడ్డు
సోమవారం, రాత్రి 10:05

ఇదండీ మన పోలీసుల పద్ధతి. అయిపోయింది పొమ్మని వాళ్ళే పంపిస్తారు, తర్వాత వాళ్ళే వచ్చి తలుపు కొడతారు. కేసు కోర్టుకి వెళ్ళిందని ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయింది? కుర్రాడి నంబర్ వాళ్ళ దగ్గర లేదా?


నల్లకోటు
సోమవారం, రాత్రి 10:48

ముందు కంచరపాలెం తమ్ముడి మాట పక్కన పెట్టండి. వారంట్‌కి గడువు ఉండదు. ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలు అయ్యేదాకా అది బతికే ఉంటుంది. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 70(2)లో ఆ మాటే రాసి ఉంది, కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 72వ సెక్షన్. పదేళ్ళ నాటి వారంట్ మీద పెళ్ళి పందిట్లోంచి తీసుకెళ్ళిన కేసు నేనే చూశాను.

ఇక గాజువాక గారూ, మీ తమ్ముడిని పోలీసులు "వదిలెయ్యలేదు". అసలు అరెస్టే చెయ్యలేదు. ఆ రోజు సంతకం పెట్టింది సీఆర్‌పీసీ 41ఏ నోటీసు, అంటే అరెస్ట్ చెయ్యకుండా విచారణకి పిలిచే కాగితం అయి ఉంటుంది. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో అవసరం లేకుండా అరెస్ట్ చెయ్యొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో గట్టిగా చెప్పాక ఈ నోటీసుల వాడకం పెరిగింది. ఇప్పుడు అదే బీఎన్‌ఎస్‌ఎస్ 35(3). నోటీసు ఇచ్చి పంపించినా దర్యాప్తు నడుస్తూనే ఉంటుంది. సాక్షుల వాంగ్మూలాలు, గాయం సర్టిఫికెట్ వస్తాయి, ఛార్జిషీటు పడుతుంది. కోర్టు దాన్ని ఫైల్‌కి తీసుకుని సీసీ నంబర్ ఇస్తుంది, సమన్లు వెళ్తాయి. అప్పటికి మీరు ఇల్లు మారిపోయారు. సమన్లు "ముద్దాయి ఈ చిరునామాలో లేడు" అనే రాతతో వెనక్కి వచ్చి ఉంటాయి. రెండు మూడు వాయిదాలు అలా జరిగాక వారంట్ రాశారు. ఇంతకంటే పెద్ద రహస్యం ఏమీ ఉండకపోవచ్చు.

ఆ నోటీసు కాపీ మీ దగ్గర ఉందా? ఉంటే వెనక వైపు చూడండి.


గాజువాక అన్నయ్య
సోమవారం, రాత్రి 11:20

వెతికాను సార్. ఎల్‌ఐసీ కాగితాల ఫైల్లో దొరికింది. వెనక షరతులు ఉన్నాయి. ఆరోదో ఏడోదో చూశాను: "కోర్టు వారు ఆదేశించినప్పుడు హాజరు కావలెను". దాని కింద మా వాడి సంతకం. ఇన్నాళ్ళలో మేం ఎవరం ఆ కాగితం వెనక్కి తిప్పి చూడలేదు.


రిటైర్డ్ హెడ్డు
మంగళవారం, ఉదయం 5:55

బీచ్‌రోడ్డు గారి కోపం అర్థమైంది. ముప్పై ఏళ్ళు ఖాకీ వేసుకున్నవాడిని కాబట్టి రెండు మాటలు రాస్తాను.

మేం "వెళ్ళు" అంటే "ఇప్పటికి వెళ్ళు" అని. అవతలివాడు "పో, అయిపోయింది" అని వింటాడు. పొద్దుటి నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నవాడికి ఆ తర్వాతి మాట చెవికెక్కదు. మావాళ్ళు కూడా విడమరిచి చెప్పరు, అదీ నిజమే. ఛార్జిషీటు వేసేటప్పుడు ఒక ఫోన్ చెయ్యాలి. చేసేవాడు చేస్తాడు, చెయ్యనివాడు చెయ్యడు.

స్టేషన్‌లో కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ అని ఒకడుంటాడు. సాయంత్రానికి కోర్టు నుంచి కట్ట పట్టుకొస్తాడు. సమన్లు, వారంట్లు అన్నీ అందులోనే. రిజిస్టర్‌లో ఎక్కించి బీట్ వారీగా పంచుతారు. అడ్రస్‌కి వెళ్తే తాళం, లేదా కొత్తగా దిగినవాళ్ళు. "ఖాళీ చేసి వెళ్ళిపోయారు, ఆచూకీ తెలియలేదు" అని రాసి తిప్పి పంపడం నిమిషం పని. పాత ఓనర్‌ని అడిగితే తెలుస్తుంది, అడగాలి కదా. పెండింగ్ వారంట్లు తగ్గించమని పైనుంచి ఒత్తిడి వచ్చిన నెలలో మాత్రం అందరికీ ఓనర్లు గుర్తొస్తారు. మీ ఇంటికి వచ్చినాయన అలాంటి నెలలోనే వచ్చి ఉంటాడు.

ఆ అబ్బాయి ఇల్లు మారినప్పుడు స్టేషన్‌కి వెళ్ళి ఒక చీటీ మీద కొత్త అడ్రస్ రాసిచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకుని ఉంటే ఈ గొడవే లేదు. గ్యాస్ కనెక్షన్ మార్చుకుంటాం, రేషన్ కార్డు మార్చుకుంటాం. కేసు అడ్రస్ మార్చుకోవాలని ఎవరికి తడుతుంది చెప్పండి.


బీచ్‌రోడ్డు
మంగళవారం, ఉదయం 7:30

బాబాయ్, మీరు ఒప్పుకున్నారు కాబట్టి నేనూ తగ్గుతున్నాను. కానీ "ఆచూకీ తెలియలేదు" అని నిమిషంలో రాసే ఆ రాత వల్ల ఒక అమ్మ అన్నం మానేసింది. అది మాత్రం మర్చిపోను.


మధురవాడ మేడమ్
మంగళవారం, ఉదయం 9:15

గాజువాక గారూ, ఈ-కోర్ట్స్ యాప్ పెట్టుకోండి. లాయర్ దగ్గరికి వెళ్ళేలోపు మీరే చూసుకోవచ్చు. జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని ముద్దాయి పేరుతో గానీ, ఎఫ్‌ఐఆర్ నంబర్, ఏడాదితో గానీ వెతకొచ్చు. దొరికితే 16 అంకెలు, అక్షరాలు కలిసిన సీఎన్‌ఆర్ నంబర్ రాసి పెట్టుకోండి, ఆ తర్వాత దానితోనే అన్నీ తెలుస్తాయి. ఏ వాయిదాకి ఏం జరిగిందో వరసగా ఉంటుంది.

మా ఆడపడుచు భర్తకి పాస్‌పోర్ట్ రెన్యువల్ టైమ్‌లో బయటపడింది ఇలాంటిదే. పోలీస్ వెరిఫికేషన్‌లో "మీ మీద కేసు పెండింగ్ ఉంది కదా" అన్నారట. ఆయన మొహం చూడాలి. వారంట్ ఉంటే పాస్‌పోర్ట్ ఇవ్వకుండా ఆపే అధికారం పాస్‌పోర్ట్ చట్టంలోనే ఉందట.


కంచరపాలెం కుర్రాడు
మంగళవారం, ఉదయం 9:40

సారీ అన్నా, రాత్రి తెలియక రాశాను. అయితే ముందస్తు బెయిల్ వేస్తే?


నల్లకోటు
మంగళవారం, మధ్యాహ్నం 1:35

కోర్టు నుంచి ఇప్పుడే బయటికి వచ్చాను, లంచ్ టైమ్‌లో రాస్తున్నాను.

దోమని కొట్టడానికి రోకలి ఎందుకు తమ్ముడూ? వారంట్ ఇచ్చిన మేజిస్ట్రేట్ దగ్గరే తేలిపోయే పనికి సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో ఎందుకు వెళ్ళడం. చెయ్యాల్సింది రీకాల్ పిటిషన్, అంటే వారంట్ వెనక్కి తీసుకోమని అర్జీ. మీది 2022 కేసు, ఛార్జిషీటు కూడా కొత్త చట్టాలు వచ్చిన 2024 జులై 1కి ముందే పడి ఉంటే పాత సీఆర్‌పీసీ కిందే వెయ్యాలి. వకాలతు వేసి, సమన్లు అందలేదని, ఇల్లు మారామని, కావాలని ఎగ్గొట్టలేదని అఫిడవిట్ పెట్టి, మనిషిని హాజరు పెట్టాలి. పాత ఇల్లు ఖాళీ చేసినట్టు రుజువు ఏదైనా జత చేస్తే ఇంకా మంచిది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2022 జులైలో సతేందర్ కుమార్ అంటిల్ కేసులో సుప్రీంకోర్టు ఏడేళ్ళ లోపు శిక్ష పడే మామూలు కేసులకి వరస చెప్పింది. దర్యాప్తులో అరెస్ట్ చెయ్యకుండా, సహకరించినవాడైతే ముందు సమన్లు. రాకపోతే బెయిలబుల్ వారంట్. దానికీ రాకపోతేనే నాన్ బెయిలబుల్. ఇంకా ఏమందంటే, ఎన్‌బీడబ్ల్యూ అమలు కాకముందే ముద్దాయి తరఫున అర్జీ పెట్టుకుని, వచ్చే వాయిదాకి స్వయంగా వస్తానని హామీ ఇస్తే, మనిషి ఎదురుగా లేకపోయినా వారంట్ రద్దు చెయ్యొచ్చు లేదా సమన్లుగా మార్చొచ్చు. అంటే హైదరాబాద్‌లో ఉన్నవాడికి కూడా దారి ఉంది. కానీ నా సలహా, మనిషి రావడమే నయం. తనకు తాను వచ్చి నిలబడినవాడిని చూసే చూపు వేరుగా ఉంటుంది.

బెయిలబుల్ వారంట్‌కీ దీనికీ తేడా కూడా చెప్పేస్తాను. బెయిలబుల్ అయితే ఎంత పూచీకత్తు, ఎంతమంది ష్యూరిటీలు అని వారంట్ మీదే రాసి ఉంటుంది, అది ఇస్తే పోలీసే వదలాలి. నాన్ బెయిలబుల్ అయితే పోలీసు చేతిలో ఏమీ లేదు, కోర్టు ముందు పెట్టాల్సిందే. అడిగితే మాత్రం వారంట్ చూపించాలి, పట్టుకున్నాక ప్రయాణం టైమ్ పోను 24 గంటల్లో కోర్టుకి తేవాలి.


ఎన్‌ఏడీ జంక్షన్
మంగళవారం, రాత్రి 8:10

నా సంగతి వినండి, నవ్వకండి. ఒక శనివారం రాత్రి పెళ్ళి రిసెప్షన్ నుంచి వస్తుంటే పైపు నోట్లో పెట్టి ఊదించారు. లిమిట్ 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, నాది దాని మీద మూడు రెట్లు. బండి ఉంచుకున్నారు, నన్ను ఆటోలో పంపించేశారు. మర్నాడు లైసెన్స్ కాపీ ఇచ్చి, బండి తెచ్చుకున్నాను. ఫలానా రోజు కోర్టుకి రమ్మని చీటీ ఇచ్చారు. బండి ఇంటికొచ్చేసింది కదా, ఇంకేముందిలే అనుకున్నాను. చీటీ ప్యాంటు జేబులో ఉతికేశాం.

కొన్ని నెలల తర్వాత ఆఫీసుకి ఫోన్. వారంట్. వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. 185 సెక్షన్‌కి మొదటిసారి అయితే ఆరు నెలల దాకా జైలు గానీ, 10,000 జరిమానా గానీ, రెండూ గానీ వెయ్యొచ్చు. నాకు జరిమానాతో పోయింది. ఆ రోజు సాయంత్రం దాకా కోర్టులో నిలబెట్టారు. దొంగతనం కేసు వాడొకడు పక్కన నిలబడి "అన్నా, నీదే కేసు?" అని అడిగితే చెప్పడానికి నోరు రాలేదు.


ఎంవీపీ పెద్దాయన
మంగళవారం, రాత్రి 9:25

నాకు కొంచెం భయంగా ఉంది. పోయిన వారం వాట్సాప్‌లో నా పేరు మీద అరెస్ట్ వారంట్ పంపారు. సింహాల ముద్ర, సీలు అన్నీ ఉన్నాయి. వీడియో కాల్‌లోనే ఉండాలి, ఎవరికీ చెప్పకూడదు అన్నారు. మా అబ్బాయి ఫోన్ లాక్కుని కట్ చేశాడు. ఈ చర్చ చదివాక, అది కూడా నిజమేనేమో అని అనుమానం వచ్చింది.


రిటైర్డ్ హెడ్డు
మంగళవారం, రాత్రి 9:40

మాస్టారూ, అది నూటికి నూరు పాళ్ళు మోసం. మీ అబ్బాయి మంచి పని చేశాడు. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో లేనే లేదు. అసలు వారంట్ పట్టుకుని మనిషి వస్తాడు, వీడియో కాల్ రాదు. డబ్బు పంపితే రద్దు అవుతుందని ఎవడైనా అన్నాడంటే వాడు దొంగే. 1930కి ఫోన్ చేసి చెప్పండి. రాత్రికి హాయిగా పడుకోండి.


బీచ్‌రోడ్డు
బుధవారం, ఉదయం 8:05

నల్లకోటు గారికి ఒక ప్రశ్న. మా కజిన్‌కి స్టేషన్ బెయిల్ ఇచ్చి పంపారు. నెల తర్వాత సెక్షన్ మార్చాం, ఇప్పుడిది నాన్ బెయిలబుల్ అంటున్నారు. దెబ్బ తగిలినాయనకి ఎముక విరిగిందని ఎక్స్‌రే వచ్చిందట. ఒకసారి బెయిల్ ఇచ్చాక మళ్ళీ పట్టుకోవచ్చా?


నల్లకోటు
బుధవారం, ఉదయం 8:50

ఎముక విరగడం ఒక్కటే అయితే అది 325. అదీ బెయిలబుల్ సెక్షనే, కొత్త చట్టంలో కూడా. ఇంకేదో కలిపి ఉంటారు, మెమో కాపీ తీసుకుని చూడండి.

అసలు ప్రశ్నకి: కొత్తగా పెద్ద సెక్షన్ కలిస్తే పాత బెయిల్ దానికి పనికిరాదు. 2019లో ప్రదీప్ రామ్ కేసులో సుప్రీంకోర్టు రెండు వైపులా చెప్పింది. ముద్దాయి సరెండర్ అయి కొత్త సెక్షన్లకి బెయిల్ అడగొచ్చు. ఇప్పటికే బెయిల్ మీద ఉన్నవాడిని పట్టుకోవాలంటే పోలీసులు కోర్టు నుంచి ఆర్డర్ తెచ్చుకోవాలి. ఆ తీర్పు కోర్టు ఇచ్చిన బెయిల్ గురించి. స్టేషన్ బెయిల్‌కి అది ఎంతవరకు వర్తిస్తుందో మీ లాయర్‌తో కూర్చుని మాట్లాడండి, ఇక్కడ రెండు లైన్లలో తేలే విషయం కాదు. వాళ్ళు వచ్చేదాకా మాత్రం కూర్చోవద్దు.


కంచరపాలెం కుర్రాడు
బుధవారం, ఉదయం 9:30

లాయర్‌కి డబ్బుల్లేనివాళ్ళ సంగతేంటి సార్? మా వీధిలో ఒక ఆటో అన్నకి ఇలాంటిదే ఉంది. కోర్టు గేటు దగ్గర ఎవరో కలిసి, ష్యూరిటీలతో సహా అన్నీ నేనే చూసుకుంటా, ఇంత అవుతుందని పెద్ద నంబర్ చెప్పాడట.


మధురవాడ మేడమ్
బుధవారం, ఉదయం 10:10

గేటు దగ్గర తగిలే వాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వొద్దని చెప్పండి. అద్దె ష్యూరిటీలు దొంగ పన్ను రసీదులు పెడితే చివరికి చుట్టుకునేది ఆటో అన్నకే. కోర్టు ప్రాంగణంలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఉచితంగా లాయర్‌ని పెడతారు. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి, ఇంకా కొందరికి ఆదాయంతో పని లేదు, మిగతావాళ్ళకి ఆదాయ పరిమితి ఉంటుంది. ఫోన్ నంబర్ 15100.


గాజువాక అన్నయ్య
శుక్రవారం, రాత్రి 10:15

అందరికీ అప్‌డేట్.

మేడమ్ చెప్పినట్టు యాప్‌లో ఎఫ్‌ఐఆర్ నంబర్ కొడితే దొరికింది. ఛార్జిషీటు 2023 మార్చిలోనే పడింది. మేం ఇల్లు మారింది మేలో. సమన్లు జులైలో వెళ్ళాయి. రెండు నెలల్లో అంతా తప్పిపోయింది. మధ్యలో బెయిలబుల్ వారంట్ కూడా వెళ్ళి తిరిగొచ్చింది. తర్వాత వరసగా అన్ని వాయిదాలకీ "ఎన్‌బీడబ్ల్యూ పెండింగ్" అని ఒకటే ముక్క. మేం ఇక్కడ గృహప్రవేశం భోజనాలు పెట్టుకున్న రోజు కూడా ఒక వాయిదా ఉంది.

తమ్ముడు నిన్న సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. తెల్లారి దువ్వాడలో దిగితే నేను బండి మీద తీసుకొచ్చాను. అమ్మ వాడికి నుదుట కుంకుమ పెట్టి, "కోర్టులో ఫోన్ ఆపెయ్యి" అని పదిసార్లు చెప్పింది. పదిన్నరకల్లా కోర్టు హాల్ బయట నిలబడ్డాం. మా లాయర్ గారు పిటిషన్‌కి పాత ఇంటి ఓనర్ రాసిచ్చిన ఉత్తరం, కొత్త ఇంటి అగ్రిమెంట్ జత చేశారు. పిలుపు రాగానే లోపలికి వెళ్ళాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, మోకాళ్ళు వణకడం నాకు వెనక బెంచీ నుంచే కనిపించింది.

మేజిస్ట్రేట్ మేడమ్ కాగితం చూస్తూనే "ఇల్లు మారితే చెప్పక్కర్లేదా?" అని అడిగారు. మా వాడు "తెలియదండి" అన్నాడు. "నోటీసు మీద సంతకం ఎవరిది?" అన్నారు. "నాదేనండి". ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత రాసుకున్నారు. వారంట్ రీకాల్ అయింది. పది వేలకి సొంత పూచీకత్తు, ఒక ష్యూరిటీ. ష్యూరిటీ మా మేనమామే. ఇంటిపన్ను రసీదు ఒరిజినల్ తెచ్చాడు గానీ ఆధార్ జిరాక్స్ మర్చిపోయాడు. దానికోసం జగదాంబ వైపు పరుగెత్తి వచ్చేసరికి లంచ్ అయిపోయింది. అన్నీ అయ్యేసరికి నాలుగున్నర.

లాయర్ గారు ఇంకో మాట చెప్పారు. వారంట్ రీకాల్ అయిన ఆర్డర్ కాపీ తీసుకుని స్టేషన్‌లో ఇచ్చి రమ్మన్నారు. లేదంటే రిజిస్టర్‌లో పాత ఎంట్రీ అలాగే ఉండిపోయి, రేపెప్పుడో ఇంకో కానిస్టేబుల్ వస్తాడట. సాయంత్రం వెళ్ళి ఇచ్చాం, ముద్ర వేయించుకున్నాం. కొత్త అడ్రస్ కూడా రాసిచ్చాం. ఈసారి కాగితం వెనక వైపు కూడా చదివాం.


రిటైర్డ్ హెడ్డు
శుక్రవారం, రాత్రి 10:30

శుభం. ఆ కాపీ సంగతి నేనే రాయాల్సింది, మర్చిపోయాను. అమ్మగారు భోంచేశారా?


గాజువాక అన్నయ్య
శుక్రవారం, రాత్రి 10:34

తిన్నారు బాబాయ్. వాడికి వంకాయ ఉల్లికారం చేసి తనూ తిన్నారు.


నల్లకోటు
శుక్రవారం, రాత్రి 11:05

మంచిది. 341, 323 రెండూ రాజీకి వీలైన సెక్షన్లే. దెబ్బ తగిలినాయన ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో ఒక్క పూటలో తేలిపోతుంది. ఆయనతో ఇప్పుడు మాటలున్నాయా?


గాజువాక అన్నయ్య
శుక్రవారం, రాత్రి 11:12

అదే విచిత్రం సార్. మాకు పాత ఓనర్ ఉత్తరం రాయించి తెచ్చి ఇచ్చింది ఆయనే. ఇప్పటికీ ఆ పోర్షన్‌లోనే ఉంటున్నాడు. కేసు ఇంకా నడుస్తోందని ఆయనకీ తెలియదట.


ఎన్‌ఏడీ జంక్షన్
శనివారం, ఉదయం 6:50

ఇదంతా చదివి రాత్రి నా పేరు కూడా యాప్‌లో కొట్టాను. నా పేరుతో రెండు సీసీలు చూపిస్తోంది. ఒకటి నాదే, అయిపోయింది. రెండోది ఏంటో తెలియడం లేదు. చెమటలు పడుతున్నాయి.


మధురవాడ మేడమ్
శనివారం, ఉదయం 7:05

తండ్రి పేరు చూడండి ముందు.


ఎన్‌ఏడీ జంక్షన్
శనివారం, ఉదయం 7:09

వేరే ఆయన. టీ పెట్టుకుంటున్నాను.